ప్రొజెక్టర్ ఇంట్లో పెట్టి రండి: ఆటిజం ఉన్న పిల్లల గురించి మామూలు బడి టీచర్లకు శిక్షణ ఇచ్చేది ఎట్లా

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. అది దాచిపెట్టి మిగతాదంతా చెప్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా.

అనంతపురం జిల్లాలో సహిత విద్య పనిలో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని మామూలు బడిలోనే చదివించే పనిలో ఉన్నాను. మొట్టమొదటిసారి ఒక మండల కేంద్రంలో 70 మంది టీచర్లకు ఆటిజం మీద ఒకరోజు శిక్షణ ఇచ్చినప్పుడు నా దగ్గర 60 స్లైడ్లు ఉండేవి. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన దగ్గర మొదలుపెట్టి, రకాలు, లక్షణాలు, థెరపీలు, చట్టాలు అన్నీ చెప్పుకుంటూ పోయాను. పన్నెండు గంటలకు కరెంటు పోయింది, సగం మంది ఊపిరి పీల్చుకున్నారు, నేను మాత్రం ఆపలేదు. ఆ ఊపులో ఒక మాట కూడా అన్నాను: "పిల్లాడు కళ్లలోకి చూడకపోతే గడ్డం పట్టుకుని మీ వైపు తిప్పండి, అలవాటవుతుంది" అని. అప్పట్లో నాకు ఎవరో చెప్పిందే నేనూ చెప్పాను. రెండు వారాల తర్వాత ఒక బడికి పోతే, రెండో తరగతి టీచరమ్మ నేను చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తోంది. ఆ పిల్లాడి గడ్డం ఆమె చేతిలో ఉంది, వాడి కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ తర్వాత నెల రోజులు వాడు బడికి రాలేదు, గేటు దగ్గరికొస్తే చాలు గడ్డం రెండు చేతుల్తో మూసుకునేవాడట. ఆమె తప్పేమీ లేదు. శిక్షణ ఇచ్చింది నేను.

అందుకే ఇది హెచ్ఎంలకు, రిసోర్స్ పర్సన్లకు, కాంప్లెక్స్ మీటింగ్‌లో "ఈసారి ఆటిజం మీద నువ్వు మాట్లాడప్పా" అని ఇరుక్కుపోయిన టీచర్లకు రాస్తున్నాను. ఆటిజం గురించి ఉపన్యాసం ఇస్తే టీచరు మారదు. తన క్లాసులో, తన పిల్లాడి విషయంలో, ఒక్క పని వేరేగా చేసి చూస్తే మారుతుంది. శిక్షణంతా ఆ ఒక్క పని చేయించడానికే ఉండాలి.

ఎంతమంది, ఎప్పుడు

70 మందిని ఒక హాల్లో కూర్చోబెట్టొద్దు. ఒకే బడి నుంచి, లేదా పక్కపక్కనే ఉన్న రెండు బడుల నుంచి, ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఒక బడి నుంచి ఒక్క టీచరే వచ్చి నేర్చుకుని వెళ్తే, అక్కడ మిగతా తొమ్మిది మంది "నువ్వే వాణ్ని చెడగొడ్తున్నావు" అంటారు, పదిహేను రోజుల్లో ఆ ఒక్క టీచరూ పాత దారికే వస్తుంది. హెచ్ఎం తప్పకుండా కూర్చోవాలి, ప్రారంభోపన్యాసం చేసి వెళ్లిపోవడం కాదు. ఆటలు నేర్పే పీఈటీని పిలవండి. మధ్యాహ్న భోజనం వండే అక్కల్ని, ఆయాను కూడా పిలవండి. పిల్లాడు దేనికి భయపడతాడో, ఏ కూర ముట్టడో, ఏ పూట యాడ దాక్కుంటాడో టీచర్ల కంటే వాళ్లకే బాగా తెలుసు, వాళ్లను అడిగేవాళ్లే ఉండరు.

ఒకే రోజు ఆరు గంటలు కాకుండా, గంటన్నర చొప్పున నాలుగు విడతలు పెట్టండి, మధ్యలో రెండేసి వారాలు వదలండి. ఆ రెండు వారాల్లో క్లాసులో చేయాల్సిన చిన్న పని ఒకటి ఇవ్వండి. జూలై, ఆగస్టు మంచి కాలం, కొత్త పిల్లలు కాస్త కుదురుకుని ఉంటారు. ఫిబ్రవరి, మార్చిలో పదో తరగతి టెన్షన్, తర్వాత మన ఎండలు, ఇంక ఎవరి చెవికీ ఏమీ ఎక్కదు.

మొదటి విడత: నిర్వచనం చెప్పకండి, బడి చూపించండి

టీచర్లను వాళ్ల క్లాసులోనే, పిల్లల బెంచీల మీద కూర్చోబెట్టండి. ఒక చెవి దగ్గర ఫోన్లో పాట పెట్టండి, ఫ్యాను టకటకమంటుంటే అట్లే వదిలేయండి, చొక్కా కాలరు లోపల చిన్న గోనె ముక్క పెట్టుకోమనండి, వెనక నుంచి ఒకరు భుజం తడుతూ ఉండాలి. ముందు నిలబడి ఒకరు అరవంలోనో మలయాళంలోనో గబగబా ఒక పేరా చదివి, ప్రశ్నలు అడగాలి. కన్నడం వద్దు, మనవైపు సగం మందికి వచ్చు. ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు "ఆపండి సార్ ఇంక" అంటారు. అక్కడ ఆపండి.

దీన్ని చూపించి "ఆటిజం అంటే ఇదే" అని మాత్రం అనొద్దు, అది అబద్ధం. ఐదు నిమిషాల చప్పుడుతో ఎవరి జీవితమూ అర్థం కాదు, జాలి మాత్రం పుడుతుంది, జాలితో మనకు పని లేదు. దీనితో ఒక్క విషయమే రాబట్టాలి: ఒళ్లు ఇబ్బందిలో ఉన్నప్పుడు పాఠం ఎక్కదు. వెంటనే అందరినీ లేపి బడంతా తిప్పండి. ఏది గట్టిగా మోగుతుంది, ఏది వాసన కొడుతుంది, ఎక్కడ తోపులాట ఎక్కువ? ఇనుప గంట, రేకుల షెడ్డు మీద వాన, బాత్రూం దగ్గర ఫినాయిల్, ప్రేయర్‌లో మైకు కీచుమనడం, కొళాయి దగ్గర గుంపు. ఇవన్నీ వాళ్ల చేతే రాయించండి. ఆ జాబితా మీరిచ్చింది కాకుండా వాళ్లదై ఉండాలి.

ఆ తర్వాతే ఆటిజం గురించి పది నిమిషాలు. ఇది పుట్టుకతో వచ్చే తేడా, మెదడు ఎదిగే తీరులోనే ఉంటుంది. నలుగురితో కలవడం, మాట, సైగ అర్థం చేసుకోవడం వేరేగా ఉంటుంది. చేసిందే చేయడం, ఒకే విషయం మీద గట్టి ఇష్టం, మార్పంటే పడకపోవడం, చప్పుడు, వెలుతురు, స్పర్శ మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం ఉంటాయి. ఒకడు అసలు మాట్లాడడు, ఇంకొకడు ఆపకుండా మాట్లాడతాడు, ఇద్దరికీ ఆటిజమే. కొందరికి బుద్ధిమాంద్యం కూడా ఉంటుంది, చాలామందికి ఉండదు. ఆడపిల్లలు నెమ్మదిగా ఒక మూల కూర్చుంటే "బంగారు తల్లి" అని వదిలేస్తాం, వాళ్లను గుర్తించడం ఆలస్యమవుతుంది. టీకాల వల్ల వస్తుందని ఎవరైనా అంటే, 1998లో ఆ మాట పుట్టించిన వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని చెప్పండి. తల్లి ముద్దు చేయడం వల్లా రాదు, గ్రహణం వల్లా రాదు.

ఒక హద్దు కూడా గీయండి. "మీవాడికి ఆటిజం ఉంది" అని టీచరు తల్లిదండ్రులతో అనకూడదు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ యాప్‌లో చెక్‌లిస్టు ఉంది, చూసింది చూసినట్టు అందులో నింపాలి, అనుమానం ఉంటే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రంలోని ఐఈఆర్‌పీకి, అంటే అక్కడి సహిత విద్య టీచరుకు చెప్పాలి, అక్కడి నుంచి పిల్లల ఎదుగుదల సమస్యల్ని ముందుగా గుర్తించే జిల్లా కేంద్రం డీఈఐసీకో ప్రభుత్వాసుపత్రికో పంపాలి. సర్టిఫికెట్ కోసం ఆటిజం ఎంత ఉందో కొలిచే ఐసా అనే 40 అంశాల స్కేలుతో నిపుణులు చూస్తారు. అది మన పని కాదు. క్లాసులో చేయాల్సిన మార్పులకు సర్టిఫికెట్ కోసం ఎదురుచూడక్కర్లేదు, అది మాత్రం గట్టిగా చెప్పండి.

రెండో విడత: మూడు గడుల నోటుబుక్కు

నన్నడిగితే శిక్షణ మొత్తంలో బరువైనది ఇదే. మిగతావన్నీ మర్చిపోయినా ఇది మిగిలితే చాలు.

ఒక నోటుబుక్కులో పేజీని మూడు గడులు చేయించండి: ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది. పక్కన టైము. మధ్య గడిలో "అల్లరి చేశాడు", "మొండికేశాడు" అని రాస్తే కొట్టేయించండి. కంటికి కనబడింది, చెవికి వినబడింది మాత్రమే రాయాలి: "చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరాడు" అని. వినడానికి చిన్నదే, చేయిస్తే తెలుస్తుంది టీచర్లకు ఎంత కష్టమో. మనకు తీర్పు చెప్పడం అలవాటు, చూడడం అలవాటు లేదు.

గుంతకల్లు వైపు ఒక బడిలో నాలుగో తరగతి పిల్లాడు రోజూ పదకొండు ముప్పావుకు అరిచేవాడు. ఆకలి అని ఒకరు, లెక్కలంటే భయమని ఒకరు, ఇంట్లో గారాబమని ఇంకొకరు. ఐదు రోజులు రాయించాం. నాలుగు రోజులు అరిచాడు, ఒకరోజు అరవలేదు. ఆ అరవని రోజు ఏమైందో తిరగేస్తే, వంటక్క ఆరోజు ఆలస్యంగా వచ్చింది. రోజూ ఆ టైముకు ఆమె స్టీలు ప్లేట్లు కడిగి, కిటికీ అవతల సిమెంటు గట్టు మీద దబదబా పేర్చేది. గట్టు మీద గోనెసంచి పరిచాం, పిల్లాణ్ని కిటికీ దగ్గర నుంచి లోపలి వరసకు మార్చాం. అరుపులు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటో రెండో ఉండేవి. కనిపెట్టింది నేను కాదు, టీచరు కూడా కాదు, ఆ వంటక్కే. నోటుబుక్కు చదువుతుంటే "అయ్యో, అది నా ప్లేట్లు కదా సామీ" అంది.

మూడో గడి మీద కూడా కాస్త ఆగండి. పిల్లాడు అరిచినప్పుడల్లా బయటికి పంపిస్తున్నారనుకోండి, వాడికి క్లాసు కష్టంగా ఉంటే, అరిస్తే బయటపడొచ్చని మనమే నేర్పిస్తున్నాం. బయటికి పోయే దారి అరుపు కాకుండా ఇంకొకటి ఇవ్వాలి, ఒక ఎర్ర కార్డు చూపిస్తే ఐదు నిమిషాలు వరండాలో కూర్చోవచ్చు, అంతే.

ఇదే పూట మొండితనానికీ మెల్ట్‌డౌన్‌కీ, అంటే తట్టుకోలేక అదుపు తప్పిపోవడానికీ, తేడా చెప్పాలి. మొండికేసిన పిల్లాడు ఏడుస్తూనే ఓరకంట మనవైపు చూస్తాడు, అడిగింది ఇస్తే ఆగుతాడు. మెల్ట్‌డౌన్‌లో ఉన్నవాడికి మనం ఉన్నామో లేదో కూడా పట్టదు, ఏం ఇచ్చినా ఆగదు, కట్ట తెగిన చెరువులాగ అంతా పోయేదాకా పోతుంది. ఇదేమంత కచ్చితమైన గీత కాదు, ఒకటిగా మొదలై ఇంకొకటిగా మారొచ్చు. అప్పుడు ఏం చేయాలో నోటితో చెప్పకుండా ఆడి చూపించండి: ఒక టీచరు పిల్లాడవ్వాలి, ఒకరు టీచరు, మిగతావాళ్లు గుంపు. మాటలు ఆపేయాలి. "ఎందుకు చేశావ్, ఎందుకు చేశావ్" అని అడగొద్దు. మిగతా పిల్లల్ని ఒక పెద్ద పిల్లతో బయటికి పంపాలి. పట్టుకోవద్దు, తల గోడకు కొట్టుకుంటుంటే మధ్యలో బ్యాగో దిండో అడ్డం పెట్టాలి. తగ్గాక నీళ్లివ్వాలి, పాఠం వద్దు. దెబ్బ గురించి అయితే చర్చే లేదు, విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ఏ పిల్లాడి మీదా చెయ్యెత్తనివ్వదు. "మేం కొడితేనే కదా మీరు ఇంతవాళ్లయ్యారు" అనే సీనియర్ సార్ ప్రతి బడిలో ఒకరుంటారు, ఆయనతో వాదించొద్దు, నోటుబుక్కు ఆయన చేతికే ఇవ్వండి.

మూడో విడత: చేతిపని, నోటిపని

చిక్కీ డబ్బాల అట్టలు, కత్తెర, వెల్క్రో టేపు తెప్పించండి. బొమ్మల టైమ్‌టేబుల్ చేయించండి. ఇది మన కనిపెట్టుడు కాదు, 1972లో అమెరికాలో నార్త్ కరోలినా యూనివర్సిటీలో మొదలైన టీచ్ అనే పద్ధతి దీన్ని ప్రపంచమంతా పరిచయం చేసింది. కంటికి కనబడేది చెవికి వినబడిన దానికంటే ఎక్కువసేపు నిలుస్తుంది, మాట గాల్లో పోతుంది, కార్డు అక్కడే ఉంటుంది, అంతే దీని కిటుకు. ఇంటర్నెట్ బొమ్మలు వద్దు, మీ బడి ప్రేయర్ ఫోటో, మీ బడి రాగిజావ గ్లాసు ఫోటో, మీ గేటు ఫోటో తీసి ప్రింటు వేయించండి. ఆరేడు కార్డులు చాలు. ఒక పని అయిపోగానే పిల్లాడే ఆ కార్డు తీసి డబ్బాలో వేయాలి. అంత పెద్దది కష్టమైతే "ఇప్పుడు, తర్వాత" అని రెండే కార్డులు.

మార్చిలో ఒంటిపూట బడి మొదలయ్యే వారం చూడండి, మనకు హాయి, వీళ్లకు నరకం. తొమ్మిది నెలలు అలవాటైన రోజు ఒక్కసారిగా తలకిందులవుతుంది. వారం ముందు నుంచే కార్డుల వరస మార్చి చూపించండి. బంద్, జాతర సెలవు, ఎలక్షన్ డ్యూటీకి మీరు వెళ్లడం, అన్నిటికీ ఇదే. "రేపు టీచర్ రాదు" అని ఒక కార్డు చేసి పెట్టుకోండి, బాగా పనికొస్తుంది.

ఇక నోటిపని. మనవైపు మాట తీరే వేరు. "ఆఁ, బాగా చేశావులే!" అని వెటకారంగా అంటే ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు దాన్ని మెప్పు అనుకుంటారు, రేపు మళ్లీ అదే చేస్తారు. "వీపు విమానం మోత మోగుతుంది" అంటే ఒక పిల్లాడు ఆకాశం వైపు చూశాడు, క్లాసంతా నవ్వింది, వాడికి ఎందుకు నవ్వారో తెలియలేదు. "చెవిలో వేసుకో", "బుర్ర పెట్టు", "కాస్త చూసుకో" ఇట్లాంటివి టీచర్ల చేత బోర్డు మీద రాయించి, ఒక్కోదాన్నీ సూటి మాటలోకి మార్పించండి. "గోల చేయొద్దు" కాదు, "మెల్లగా మాట్లాడు". ఏం చేయకూడదో కాకుండా ఏం చేయాలో చెప్పాలి. ఒకసారి చెప్పాక మనసులో పది లెక్కపెట్టాలి, ఆ పదిలోపు మళ్లీ చెప్తే వాడు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈ పది లెక్కపెట్టడం అన్ని బడుల్లోనూ అందరికీ కష్టమే, నాకూ కష్టమే.

కళ్లలోకి చూడమని బలవంతం వద్దు. చూడకుండానే వింటారు చాలామంది. నా కథ చెప్పాను కదా.

అన్న మాటే తిరిగి అనే పిల్లలుంటారు. కడపలో, కర్నూల్లో ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు కార్టూన్లు; పిల్లాడు నీళ్లు కావాలంటే కార్టూన్లో డైలాగు ఇంగ్లీషులో చెప్తాడు. "మాతో మాట్లాడడు గానీ ఇంగ్లీషు దంచుతాడు, పొగరు" అనుకుంటారు. పొగరు కాదు, ఆ డైలాగు వాడికి ఒక అర్థం మోస్తోంది, అది ఎప్పుడెప్పుడు వస్తుందో నోటుబుక్కులో రాస్తే తెలుస్తుంది.

రాతపని తగ్గించండి: పది లెక్కలకు బదులు నాలుగు, పేరా రాయడానికి బదులు నోటితో చెప్పడం లేదా వేలితో చూపించడం. ఇష్టమైన విషయాన్ని లాక్కోకుండా వాడుకోండి. రైళ్ల పిచ్చి ఉన్నవాడికి గుంతకల్లు నుంచి ధర్మవరం ఎన్ని గంటలని కాలం లెక్కలు ఇవ్వండి, చూడండి ఎంత గబగబా చేస్తాడో. పరీక్షల్లో వెసులుబాట్లు ఉన్నాయని తల్లిదండ్రులకు తొమ్మిదో తరగతిలోనే చెప్పండి, పదో తరగతి మధ్యలో యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డు కోసం పరుగెత్తడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లకు రాతపరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని కేంద్రం 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. మన బోర్డు ఇప్పటి నియమాలు హెచ్ఎం దగ్గర చూసుకోవాలి.

నాలుగో విడత: అమ్మ, పక్క పిల్లలు

ఈ పూటకు ఒక తల్లిని, లేదా పెంచిన అవ్వను పిలవండి, ఆమె ఒప్పుకుంటేనే. ఆమె మాట్లాడాలి, టీచర్లు వినాలి. ఏమిష్టం, ఏం భయం, ఒంటికి వస్తే ఎట్లా చెప్తాడు, ఏడుపు దేనితో తగ్గుతుంది, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. ఎవరైనా "ఫోన్ ఎక్కువ ఇస్తున్నారేమో అమ్మా" అని మొదలుపెడితే మీరు అడ్డుపడాలి. ఆ తల్లి ఆ మాట ఊరంతటి దగ్గరా వినే ఉంటుంది.

పక్క పిల్లలతో "పాపం" అనే మాట వాడొద్దు. "వాడికి చప్పుడు పడదు, నీకు చీకటి పడనట్టు" అంటే చాలు, పిల్లలకు పెద్దల కంటే త్వరగా అర్థమవుతుంది. తోడు పిల్లను పెట్టండి గానీ వారానికొకరిని మార్చండి. ప్రతి బడిలోనూ ఈ పని బుద్ధిమంతురాలైన ఒక ఆడపిల్ల నెత్తినే పడుతుంది, ఏడాదంతా ఆ పిల్లకు ఆట ఉండదు.

"ఇట్లాంటివాళ్లకు వేరే బడులుంటాయి కదా" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉన్నాయి, మన జిల్లాలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రత్యేక బడులున్నాయి, మంచివే. కానీ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి, దాని ప్రకారం దగ్గరలోని బడిలోనా ప్రత్యేక బడిలోనా అన్నది పిల్లాడి తరఫువాళ్లు ఎంచుకునేది, మనం పంపించేసేది కాదు. అడిగినవాళ్లను మాత్రం కసురుకోవద్దు. 40 మంది పిల్లలు, రెండు తరగతులు, యాప్‌ల పని, అది కూడా నిజమే. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మందికి, ఆపైన 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత, కేంద్రం 2022లో నిర్ణయించింది. ఆ టీచరు మీ బడికి వచ్చేదాకా ఉన్నది మీరే.

ఆ తర్వాత

నాలుగో విడత అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచొద్దు, అందరూ "చాలా బాగుంది" అనే రాస్తారు. రెండు వారాల్లోపు ప్రతి టీచరు క్లాసులో 20 నిమిషాలు వెనక బెంచీలో కూర్చోండి. ఒక్క విషయమే చూడండి, ఒక్క మాటే చెప్పండి, అదీ బయటికి వచ్చాక. నెల తర్వాత మూడు లెక్కలు తీయండి: పిల్లాడు ఎన్ని రోజులు వచ్చాడు, ఎన్నిసార్లు బయటికి పంపారు, టీచరు మార్చిన పని ఇంకా నడుస్తోందా. మూడోది ఆగిపోయి ఉంటే ఎందుకు ఆగిందో అడగండి, చాలాసార్లు వెల్క్రో ఊడిపోయి ఉంటుంది, అంతే.

ఇంకొకటి, బదిలీలు. వేసవిలో టీచరు మారిపోతే జూన్‌లో పిల్లాడు మళ్లీ మొదటి మెట్టు దగ్గర ఉంటాడు. అమ్మ చెప్పిన నాలుగు విషయాలు, నోటుబుక్కులో తేలిన రెండు మూడు సంగతులు, కార్డుల వరస, ఇవన్నీ ఒక్క పేజీలో రాయించండి. దాన్ని హెచ్ఎం బీరువాలో పెడితే ఎవరూ చూడరు. హాజరు పట్టీ మొదటి అట్ట లోపలి వైపు అంటించండి, కొత్త టీచరు మొదటిరోజు తెరిచేది దాన్నే.